ప్రత్యేక అవసరాల పిల్లల విద్యా ప్రణాళిక: కాగితం నుంచి తరగతి గదికి

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల్లో సహిత విద్య అమలు – చట్టం కల్పించిన హక్కులు, ఫిర్యాదు మార్గాలు

ప్రత్యేక వ్యాసం

ప్రత్యేక అవసరాలు గల బాలుడు లేదా బాలిక పేరు పాఠశాల హాజరు పట్టికలో నమోదు కావడంతోనే విద్యా హక్కు నెరవేరినట్లు కాదు. ఆ విద్యార్థి ఏమి నేర్చుకోవాలి, ఏ విధంగా నేర్పాలి, ఏ సహాయం ఎవరు అందించాలి, ప్రగతిని ఎప్పుడు సమీక్షించాలి అన్న అంశాలను లిఖితపూర్వకంగా నిర్ణయించేది వ్యక్తిగత విద్యా ప్రణాళిక. విద్యాశాఖ వాడుకలో ఇది ఐ.ఇ.పి.గా ప్రసిద్ధం. ప్రణాళిక తయారై కూడా పాఠశాలలో అమలు కాకపోతే ఆ విద్యార్థి విలువైన విద్యా సంవత్సరాన్ని నష్టపోతాడు. రెండవ తరగతిలో అక్షరాలకు గుణింతపు గుర్తులు చేర్చి చదవడం రాని విద్యార్థి అయిదవ తరగతికి వచ్చేసరికి అన్ని పాఠ్యాంశాలలోను వెనుకబడతాడు. పదవ తరగతి పరీక్షల నాటికి ఆ లోటును పూడ్చడం ఎవరికీ సాధ్యం కాదు. అందువల్ల ప్రణాళిక అమలును పాఠశాల దయగా కాక, చట్టబద్ధమైన బాధ్యతగా గుర్తించవలసి ఉన్నది.

చట్టం ఏమి నిర్దేశిస్తున్నది

దివ్యాంగుల హక్కుల చట్టం 2016 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం పొంది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చినది. 1995 నాటి చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినది. ఆటిజం, మేధోపరమైన వైకల్యం, మస్తిష్క పక్షవాతం, దృష్టి లోపం, వినికిడి లోపంతో పాటు చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఏర్పడే నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు కూడా ఈ జాబితాలో ఉన్నవి.

చట్టంలోని 16వ సెక్షన్ విద్యాసంస్థల విధులను వివరిస్తున్నది. ప్రభుత్వ నిధులు పొందే పాఠశాలలకే కాక, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు పాఠశాలలకు కూడా ఈ సెక్షన్ వర్తిస్తుంది. వివక్ష లేకుండా చేర్చుకోవడం, భవనాన్ని అందుబాటుగా మార్చడం, విద్యార్థి అవసరాన్ని బట్టి సహేతుకమైన సర్దుబాట్లు చేయడం, వ్యక్తిగతంగా అవసరమైన తోడ్పాటు అందించడం, అంధ, బధిర విద్యార్థులకు తగిన భాషలోను, తగిన పద్ధతిలోను బోధించడం, అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించి బోధనలో చర్యలు తీసుకోవడం, ప్రతి దివ్యాంగ విద్యార్థి ప్రగతిని పర్యవేక్షించడం, రవాణా సదుపాయం కల్పించడం అందులోని ముఖ్యాంశాలు.

వ్యక్తిగత విద్యా ప్రణాళిక అన్న మాట ఈ సెక్షన్‌లో యథాతథంగా లేదు. అయితే వ్యక్తిగత తోడ్పాటు, సహేతుక సర్దుబాటు, ప్రగతి పర్యవేక్షణ అన్న మూడు విధులు కలిస్తే ఏర్పడేది ఈ ప్రణాళికయే. సర్వ శిక్షా అభియాన్ కాలం నుంచే మార్గదర్శకాలలో దీనికి స్థానం ఉన్నది. కనుక పాఠశాల ప్రణాళికను పక్కన పెట్టినప్పుడు, అది కేవలం మార్గదర్శకాల ఉల్లంఘన మాత్రమే కాదు. 16వ సెక్షన్ విధులను నిర్వర్తించకపోవడం కూడా అవుతుంది. ఫిర్యాదులు రాసేవారు, వాటిని పరిశీలించే అధికారులు ఈ సంబంధాన్ని స్పష్టంగా గుర్తించడం అవసరం.

17వ సెక్షన్ ప్రకారం 18 సంవత్సరాల వయస్సు వరకు అర్హులైన విద్యార్థులకు పుస్తకాలు, అభ్యసన సామగ్రి, సహాయక ఉపకరణాలు ఉచితంగా అందించాలి. పాఠ్యప్రణాళికలోను, పరీక్షా విధానంలోను తగిన మార్పులు చేయాలి. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం గల 6 నుంచి 18 సంవత్సరాల పిల్లలకు సమీపంలోని పాఠశాలలో గాని, తాము ఎంచుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య పొందే హక్కు ఉన్నది. ఎంపిక హక్కు విద్యార్థిదే కాని పాఠశాలది కాదు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం కూడా ఇక్కడ కీలకమైనది. 2012లో జరిగిన సవరణ ద్వారా వైకల్యం గల పిల్లలను ప్రతికూల పరిస్థితులలో ఉన్న వర్గంలో చేర్చడం జరిగినది. తీవ్ర వైకల్యం లేదా బహుళ వైకల్యం గల పిల్లలు ఇంటి వద్దనే విద్య పొందడాన్ని ఎంచుకోవచ్చునని అదే సవరణ తెలిపినది. ఇది కుటుంబానికి ఇచ్చిన అవకాశం. విద్యార్థిని బడికి రానివ్వకుండా ఇంటి వద్ద విద్య పేరుతో దూరంగా ఉంచడానికి పాఠశాలలకు ఇచ్చిన అధికారం కాదు.

ధ్రువపత్రం లేదన్న కారణం చెల్లదు

వైకల్య ధ్రువపత్రం లేనిదే సర్దుబాట్లు చేయలేమని చెప్పడం సరైనది కాదు. పింఛను, ఉపకార వేతనం వంటి ప్రయోజనాలకు, 31వ సెక్షన్ కింది హక్కుకు 40 శాతం పరిమితి వర్తిస్తుంది. తరగతి గదిలో చేయవలసిన సర్దుబాట్లకు అటువంటి పరిమితి లేదు. వికాస్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ తేడాను స్పష్టం చేసినది. రాయడంలో ఇబ్బంది ఉన్న అభ్యర్థికి 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో సహాయ లేఖకుణ్ణి నిరాకరించరాదని, సహేతుకమైన సర్దుబాటు పొందే హక్కు దివ్యాంగులందరికీ ఉన్నదని న్యాయస్థానం పేర్కొన్నది. ఆ కేసు ఉద్యోగ నియామక పరీక్షకు సంబంధించినదే అయినా అందులోని సూత్రం పాఠశాల విద్యార్థికి కూడా ఉపయోగపడుతుంది.

సదరం శిబిరంలో పరీక్షకు తేదీ దొరికే వరకు, యూడీఐడీ కార్డు వచ్చే వరకు బోధన ఆగవలసిన పని లేదు. ఉపాధ్యాయుని పరిశీలన, భవిత కేంద్రంలోని అంచనా ఆధారంగా ప్రణాళికను ప్రారంభించవచ్చును. ధ్రువపత్రం వచ్చిన తరువాత దానికి జతపరచవచ్చును. పాఠశాల స్థాయిలో ప్రాథమిక గుర్తింపు కోసం జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2022లో ప్రశస్త్ అనే యాప్‌ను అందుబాటులోకి తెచ్చినది. ఇది చట్టం గుర్తించిన 21 వైకల్యాలకు సంబంధించిన పరిశీలనాంశాలపై ఆధారపడినది. ఇది వైద్య నిర్ధారణ కాదు. తదుపరి పరీక్షకు పంపవలసిన విద్యార్థులను గుర్తించే సాధనం మాత్రమే.

నంద్యాల, ఆళ్ళగడ్డలలో సేవల క్రమం

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి విడివడి ఏర్పడినది. అంతకు ముందు ఆళ్ళగడ్డ మండలంలోని ఒక తల్లి విద్యాశాఖ జిల్లా అధికారిని కలవాలంటే నంద్యాల దాటి కర్నూలు వరకు వెళ్ళవలసి వచ్చేది. ఇప్పుడు జిల్లా కేంద్రం జాతీయ రహదారిపై సుమారు 40 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది.

సహిత విద్య ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1996లో రాష్ట్రంలో జిల్లా ప్రాథమిక విద్యా పథకం మొదలైన అయిదు జిల్లాలలో నాటి కర్నూలు జిల్లా ఒకటి. వైకల్యం గల పిల్లలను సాధారణ బడులలో చేర్చే కార్యక్రమం ఆ పథకంలో భాగమైనది. తరువాత సర్వ శిక్షా అభియాన్, రాజీవ్ విద్యా మిషన్ పేరిట అది కొనసాగినది. 2018–19లో ప్రారంభమైన సమగ్ర శిక్ష ప్రాథమిక, మాధ్యమిక స్థాయిలను ఒకే పథకం కిందికి తెచ్చినది.

మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఈ వ్యవస్థకు ఆధారం. సహిత విద్య రిసోర్స్ పర్సన్లు పిల్లలను గుర్తించడం, వారి సామర్థ్యాన్ని అంచనా వేయడం, ప్రణాళిక తయారు చేయడం, కేంద్రంలో శిక్షణ ఇవ్వడం, పాఠశాలలను సందర్శించడం, బడికి రాలేని పిల్లల ఇళ్ళకు వెళ్ళడం వంటి విధులు నిర్వహిస్తారు. ఫిజియోథెరపీ సేవలు కూడా భవిత కేంద్రాల ద్వారానే అందుతాయి. సమగ్ర శిక్ష మార్గదర్శకాల ప్రకారం ప్రత్యేక అవసరాల విద్యార్థి ఒక్కొక్కరికి ఏడాదికి 3,500 రూపాయల వరకు కేటాయింపు ఉన్నది. బాలికలకు నెలకు 200 రూపాయల చొప్పున 10 నెలల పాటు ప్రోత్సాహక భృతి ఉన్నది. రవాణా భత్యం, తోడు వచ్చేవారికి భత్యం, ఉపకరణాల పంపిణీ కూడా ఇందులో భాగాలు. చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు వంటి ఉపకరణాలను కాన్పూరు ప్రధాన కేంద్రంగా గల అలిమ్‌కో సంస్థ సహకారంతో శిబిరాలు నిర్వహించి అందజేస్తారు.

ప్రణాళిక ఆగిపోయే చోట్లు

ప్రణాళికను తయారు చేసేది ఒకరు, దానిని రోజూ అమలు చేయవలసినది మరొకరు. అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. రిసోర్స్ పర్సన్ వారంలో నిర్ణీత రోజులలో మాత్రమే విద్యార్థిని కలుస్తారు. మిగిలిన సమయమంతా విద్యార్థి తరగతి ఉపాధ్యాయుని వద్దనే ఉంటాడు. ప్రణాళిక భవిత కేంద్రంలోని దస్త్రంలో ఉండి, దాని ప్రతి తరగతి ఉపాధ్యాయునికి చేరకపోతే ఆ విద్యార్థి వారంలో ఎక్కువ భాగం ప్రణాళిక లేకుండానే చదువుతున్నట్లు లెక్క.

ఉపాధ్యాయుల బదిలీ రెండవ కారణం. కొత్తగా వచ్చిన ఉపాధ్యాయునికి బాధ్యతలు అప్పగించే కాగితాలలో ప్రణాళిక లేకపోతే నిరుటి కృషి అక్కడితో ఆగిపోతుంది. అయిదవ తరగతి పూర్తి చేసి ఉన్నత పాఠశాలకు మారే విద్యార్థుల విషయంలోను ఇదే జరుగుతుంది. బదిలీ ధ్రువపత్రంతో పాటు ప్రణాళిక ప్రతి, చివరి సమీక్ష నివేదిక కూడా వెళ్ళినప్పుడే కొత్త పాఠశాల మొదటి నుంచి మొదలుపెట్టవలసిన అవసరం తప్పుతుంది.

లక్ష్యాలను అస్పష్టంగా రాయడం మూడవ కారణం. చదవడంలో మెరుగుపడాలి, లెక్కలలో శ్రద్ధ పెంచాలి వంటి వాక్యాలతో నిండిన ప్రణాళిక అమలైనదో లేదో తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు. అటువంటి ప్రణాళికపై ఫిర్యాదు చేసినా అధికారికి పరిశీలించడానికి ఆధారం దొరకదు.

కొలవదగిన లక్ష్యం

మంచి ప్రణాళికలో ఆరు అంశాలు ఉండాలి. విద్యార్థి ప్రస్తుత స్థాయి, సంవత్సరాంతానికి చేరవలసిన లక్ష్యం, మూడు నెలలకొకసారి చేరవలసిన మధ్య లక్ష్యాలు, అందించవలసిన సేవలు, వాటిని అందించవలసిన వ్యక్తి హోదా, సమీక్ష తేదీ. చివర ప్రధానోపాధ్యాయుడు, తరగతి ఉపాధ్యాయుడు, రిసోర్స్ పర్సన్, తల్లి లేదా తండ్రి సంతకాలు ఉండాలి.

ఉదాహరణకు తెలుగు చదవడంలో అభ్యసన వైకల్యం ఉన్న మూడవ తరగతి విద్యార్థి విషయం తీసుకొనవచ్చును. ప, వ, మ, య వంటి పోలికలు గల అక్షరాల మధ్య తేడా గుర్తించలేకపోవడం, గుడికి, గుడి దీర్ఘానికి గల తేడా పట్టలేకపోవడం, ఒత్తులను వదిలివేసి చదవడం అటువంటి పిల్లలలో కనిపించవచ్చును. చదవడంలో వెనుకబడి ఉన్నాడు అని రాయడానికి బదులు, గుణింతపు గుర్తులున్న రెండక్షరాల పదాలు 20 ఇస్తే 6 మాత్రమే తప్పు లేకుండా చదువుతున్నాడు అని ప్రస్తుత స్థాయిని నమోదు చేయాలి. నవంబరు ఆఖరుకు 20 పదాలలో 16 పదాలు సరిగా చదవాలన్నది మధ్య లక్ష్యం. తరగతి ఉపాధ్యాయుడు రోజూ 15 నిమిషాలు అక్షర కార్డులతో అభ్యాసం చేయించాలన్నది సేవ. ఈ విధంగా రాసినప్పుడు డిసెంబరు మొదటి వారంలో ఎవరైనా అయిదు నిమిషాలలో అమలును పరీక్షించవచ్చును.

మేధోపరమైన వైకల్యం గల పిల్లల అంచనాకు సికింద్రాబాదులోని జాతీయ సంస్థ రూపొందించిన పరిశీలనా పట్టికలు దేశవ్యాప్తంగా వాడుకలో ఉన్నవి. 1984లో ఏర్పడిన ఆ సంస్థ ప్రస్తుత నామం జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ. తన పనులు తాను చేసుకోవడం, భావ వ్యక్తీకరణ, నలుగురిలో మెలగడం, చదువు వంటి రంగాల వారీగా విద్యార్థి ఏమి చేయగలడో ఈ పట్టికల ద్వారా నమోదు చేస్తారు. ఏమి చేయలేడు అన్న దాని కంటే ఏమి చేయగలడు అన్న దాని నుంచి ప్రణాళిక మొదలుకావడం ఈ పద్ధతిలోని విశేషం.

ఖర్చు లేని సర్దుబాట్లు

నిధులు లేవన్న సమాధానం అనేక సందర్భాలలో నిలువదు. తరగతి గదిలో చేయవలసిన సర్దుబాట్లలో అధిక భాగం ఖర్చు లేనివే. చూపు మందగించిన విద్యార్థిని వెలుతురు ఎదురుగా కొట్టని విధంగా ముందు వరుసలో కూర్చోబెట్టడం, నల్లబల్లపై రాసిన దానిని బిగ్గరగా చదివి వినిపించడం, పెద్ద అక్షరాలలో ప్రశ్నపత్రం ఇవ్వడం ఇటువంటివి. వినికిడి లోపం గల విద్యార్థి ఉన్న తరగతిలో ఉపాధ్యాయుడు బల్ల వైపు తిరిగి కాక, పిల్లల వైపు తిరిగి మాట్లాడాలి. వినికిడి యంత్రం పనిచేస్తున్నదో లేదో ప్రతి ఉదయం చూడాలి. బ్యాటరీ అయిపోయిన యంత్రం చెవికి ఉన్నా లేనట్లే.

ఆటిజం గల విద్యార్థికి ఆ రోజు జరగబోయే పీరియడ్ల క్రమాన్ని బొమ్మల రూపంలో ముందుగా చూపడం, గంట మోగబోయే ముందు తెలపడం ఆందోళనను తగ్గిస్తుంది. మస్తిష్క పక్షవాతం గల విద్యార్థి తరగతిని పై అంతస్తు నుంచి కింది అంతస్తుకు మార్చడం కేవలం కాలపట్టికలో మార్పు మాత్రమే. రాయడం కష్టమైన విద్యార్థికి ఇంటి పని తగ్గించి, మౌఖికంగా సమాధానాలు స్వీకరించడం ఉపాధ్యాయుని నిర్ణయం పరిధిలోనిదే.

రాంపు నిర్మాణం, అందుబాటైన మరుగుదొడ్డి, ఉపకరణాలు, రవాణా వంటి అంశాలకు మాత్రం నిధులు, పై అధికారుల అనుమతులు కావాలి. ప్రణాళికలో ఈ రెండు రకాలను వేరుచేసి రాయడం వల్ల మొదటి రకం అమలు రెండవ రకం కోసం ఎదురుచూడవలసిన పరిస్థితి రాదు.

అమలు కానప్పుడు తల్లిదండ్రుల ముందున్న మార్గాలు

మొదటి మెట్టు పాఠశాలయే. ప్రణాళిక ప్రతి ఇవ్వవలసిందిగా ప్రధానోపాధ్యాయుని లిఖితపూర్వకంగా కోరాలి. ఏ అంశం, ఏ తేదీ నుంచి అమలు కావడం లేదో ఒక్కొక్కటిగా రాసి, లేఖ రెండవ ప్రతిపై తేదీతో సహా స్వీకృతి సంతకం తీసుకోవాలి. నోటి మాటగా చేసిన వినతికి తరువాతి దశలలో ఆధారం ఉండదు. చదవడం, రాయడం రాని తల్లిదండ్రుల లేఖను రిసోర్స్ పర్సన్ గాని, మరొకరు గాని రాసి చదివి వినిపించి వేలిముద్ర తీసుకొనవచ్చును. ప్రభుత్వ పాఠశాల ప్రతి ఇవ్వని పక్షంలో సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు చేయవచ్చును. 30 రోజులలో సమాచారం ఇవ్వవలసి ఉన్నది.

పాఠశాల యాజమాన్య కమిటీ రెండవ వేదిక. విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో మూడు వంతుల మంది సభ్యులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు కావాలి. ప్రతికూల పరిస్థితులలో ఉన్న వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రాతినిధ్యం ఉండాలి. 2012 సవరణ తరువాత ఈ వర్గంలో దివ్యాంగ పిల్లలు కూడా ఉన్నారు. రాష్ట్రంలో 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న నిర్వహించిన మెగా తల్లిదండ్రులు–ఉపాధ్యాయుల సమావేశాల వంటి సందర్భాలు కూడా ప్రణాళిక సమీక్షకు అనువైనవి.

పాఠశాల స్థాయిలో పరిష్కారం లభించనప్పుడు మండల విద్యాశాఖాధికారికి, ఆపై జిల్లా విద్యాశాఖాధికారికి ఫిర్యాదు చేయాలి. 2017 జూన్ 15న వెలువడిన కేంద్ర నియమావళి ప్రకారం జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో దివ్యాంగ పిల్లల ప్రవేశాలు, 16, 31 సెక్షన్ల కింద పాఠశాలల్లో కల్పించవలసిన సదుపాయాల వ్యవహారాలు చూడడానికి ఒక నోడల్ అధికారి ఉండాలి. ఫిర్యాదును ఆ అధికారి దృష్టికి అని ప్రత్యేకంగా పేర్కొనడం ప్రయోజనకరం. రిసోర్స్ పర్సన్ సందర్శనలు, ఉపకరణాలు, భత్యాల విషయమైతే సమగ్ర శిక్ష జిల్లా కార్యాలయానికి రాయాలి. సోమవారాల్లో నంద్యాల కలెక్టరేట్‌లో నిర్వహించే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అర్జీ ఇచ్చి నమోదు సంఖ్య పొందవచ్చును.

విద్యా హక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, ఇరుపక్షాలను విచారించి మూడు నెలలలో నిర్ణయం తీసుకోవాలి. ఆ నిర్ణయంపై రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేయవచ్చును.

దివ్యాంగుల హక్కుల చట్టం కింద రాష్ట్ర కమిషనర్‌ను ఆశ్రయించే మార్గం వేరుగా ఉన్నది. హక్కుల ఉల్లంఘనపై విచారణ జరిపే అధికారం కమిషనర్‌కు ఉన్నది. సాక్షులను పిలిపించడం, దస్త్రాలు తెప్పించడం వంటి విషయాలలో సివిల్ కోర్టుకు గల అధికారాలు ఉన్నవి. కమిషనర్ చేసిన సిఫారసుపై సంబంధిత అధికారి చర్య తీసుకొని మూడు నెలలలో తెలియజేయాలి. అంగీకరించని పక్షంలో అందుకు కారణాలను కమిషనర్‌కు, బాధితులకు కూడా మూడు నెలలలో తెలపాలి. చట్టంలోని నిబంధనలను మొదటిసారి ఉల్లంఘిస్తే 10,000 రూపాయల వరకు, తరువాతి ఉల్లంఘనలకు 50,000 నుంచి 5 లక్షల రూపాయల వరకు జరిమానాను 89వ సెక్షన్ నిర్దేశిస్తున్నది.

న్యాయస్థానానికి వెళ్ళవలసి వస్తే ఖర్చుకు వెనుకాడవలసిన అవసరం లేదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లలు, మహిళలు, దివ్యాంగులు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు.

ప్రైవేటు పాఠశాలల బాధ్యత

నంద్యాల పట్టణంలో ప్రైవేటు పాఠశాలలలో చదివే పిల్లలు గణనీయంగా ఉన్నారు. మా వద్ద ప్రత్యేక ఉపాధ్యాయుడు లేడు కనుక వేరే బడి చూసుకోండి అని చెప్పే అధికారం గుర్తింపు పొందిన పాఠశాలకు లేదు. విద్యా హక్కు చట్టం 13వ సెక్షన్ ప్రవేశానికి ఎటువంటి వడపోత పరీక్షనైనా నిషేధిస్తున్నది. 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధిస్తున్నది. పాఠం ఆలస్యంగా రాసినందుకు తరగతి ముందు నిలబెట్టి అవహేళన చేయడం కూడా మానసిక వేధింపే. ఈ చట్టం కింద ప్రైవేటు పాఠశాలల్లో కేటాయించే 25 శాతం సీట్లలో రాష్ట్రంలో 5 శాతం అనాథలు, హెచ్.ఐ.వి. బాధిత పిల్లలు, దివ్యాంగ పిల్లల కోసం ఉద్దేశించినవి. ప్రైవేటు పాఠశాలపై ఫిర్యాదును గుర్తింపు వ్యవహారాలు చూసే విద్యాశాఖకు, రాష్ట్ర కమిషనర్‌కు పంపవచ్చును.

పరీక్షల వేళ

అదనపు సమయం, సహాయ లేఖకుని సదుపాయం, రెండవ, మూడవ భాషల నుంచి మినహాయింపు వంటి మార్పులను 17వ సెక్షన్ ప్రస్తావిస్తున్నది. పదవ తరగతి విద్యార్థుల విషయంలో ఈ సదుపాయాల కోసం వివరాలను నామినల్ రోల్స్ పంపే దశలోనే ప్రధానోపాధ్యాయుడు పొందుపరచాలి. పరీక్షా కేంద్రం వద్ద అప్పటికప్పుడు అడిగితే లభించేవి కావు ఇవి. మరొక అంశం, సహాయ లేఖకునికి చెప్పి రాయించడం కూడా ఒక నైపుణ్యమే. తొమ్మిదవ తరగతి నుంచే పాఠశాల పరీక్షలలో అభ్యాసం లేకపోతే తుది పరీక్షలో ఆ సదుపాయం ఉండీ ఉపయోగపడదు. కనుక పరీక్షా సర్దుబాట్లను ప్రణాళికలో ముందుగానే చేర్చాలి.

ప్రత్యేక ఉపాధ్యాయుల నియామకం

ప్రణాళిక అమలుకు అర్హత గల ఉపాధ్యాయులు అవసరం. రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తిని నిర్ణయించవలసిందిగా కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించినది. ఆ మేరకు 2022 జూన్‌లో వెలువడిన నోటిఫికేషన్ ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల విద్యార్థులకు ఒకరు, ప్రాథమికోన్నత స్థాయిలో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని నిర్దేశించినది. అదే కేసులో 2025 మార్చి 7న న్యాయస్థానం పోస్టుల సంఖ్యను ప్రకటించి నియామకాలు చేపట్టవలసిందిగా రాష్ట్రాలను ఆదేశించినది. దరిమిలా 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులను మంజూరు చేసినది. ఈ నిష్పత్తి ప్రమాణం తెలిసినప్పుడు ఒక మండలంలోని అవసరాన్ని లెక్కించడం సులభం. నమోదైన పిల్లల సంఖ్యను 10తోను, 15తోను భాగించి, పనిచేస్తున్న ఉపాధ్యాయుల సంఖ్యతో పోల్చితే లోటు ఎంతో తెలుస్తుంది.

ఇతర దేశాల అనుభవం

వ్యక్తిగత విద్యా ప్రణాళికను చట్టంలో తొలుత చేర్చిన దేశాలలో అమెరికా ముఖ్యమైనది. 1975 నాటి చట్టం ప్రతి దివ్యాంగ విద్యార్థికి లిఖిత ప్రణాళికను తప్పనిసరి చేసినది. ప్రణాళికను కనీసం ఏడాదికొకసారి సమీక్షించాలి. ప్రణాళిక నామమాత్రపు ప్రగతికి పరిమితం కారాదని, ఆ విద్యార్థి పరిస్థితులకు తగిన ప్రగతిని సాధించే విధంగా ఉండాలని 2017లో ఎండ్రూ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఇంగ్లండులో 2014 చట్టం ప్రకారం ప్రణాళికలో పేర్కొన్న ప్రత్యేక విద్యా సేవలను సమకూర్చే బాధ్యత స్థానిక ప్రభుత్వానిది. భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించిన ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికలోని 24వ అధికరణం సహిత విద్యను హక్కుగా గుర్తించినది. 2016 చట్టం ఆ ఒడంబడికకు అనుగుణంగా రూపొందినదే.

ఆ దేశాలలో వలె ప్రణాళిక వివాదాలను మాత్రమే పరిష్కరించే ప్రత్యేక విచారణ వ్యవస్థ మన చట్టంలో లేదు. అందువల్లనే మండల, జిల్లా స్థాయి అధికారుల సకాల స్పందనకు ఇక్కడ ప్రాధాన్యం ఎక్కువ. ఫిర్యాదు రాష్ట్ర స్థాయికి చేరి పరిష్కారం లభించేసరికి విద్యా సంవత్సరమే ముగిసిపోవచ్చును.

పరిశీలించవలసిన అంశాలు

పాఠశాలను తనిఖీ చేసే అధికారులు, సహిత విద్యపై వార్తలు రాసే పాత్రికేయులు నమోదు సంఖ్యలతో ఆగకుండా కొన్ని విషయాలను అడిగి తెలుసుకోవడం అవసరం. ప్రణాళిక ప్రతి తరగతి ఉపాధ్యాయుని వద్ద ఉన్నదా, తల్లిదండ్రులకు అందినదా, అందులోని లక్ష్యాలు కొలవదగినవేనా, చివరి సమీక్ష ఏ తేదీన జరిగినది, రిసోర్స్ పర్సన్ సందర్శన పాఠశాల రిజిస్టరులో నమోదైనదా, పంపిణీ చేసిన ఉపకరణం ప్రస్తుతం పనిచేస్తున్నదా అన్న ఆరు ప్రశ్నలకు లభించే సమాధానాలు అమలు తీరును తెలుపుతాయి. వార్తలలో విద్యార్థి పేరు, ఫొటో, వైకల్య వివరాలను కుటుంబం అనుమతి లేకుండా ప్రచురించకపోవడం ఆ విద్యార్థి గౌరవానికి అవసరం.

జూన్‌లో బడులు తెరిచిన మొదటి నెలలోనే ప్రణాళికను సిద్ధం చేసి, తరగతి ఉపాధ్యాయునికి, తల్లిదండ్రులకు ప్రతులు అందజేసి, దసరా, సంక్రాంతి సెలవులకు ముందు సమీక్షలు జరిపితే లోపాలను అదే సంవత్సరంలో సరిదిద్దుకొనే వీలు ఉంటుంది. నంద్యాల, ఆళ్ళగడ్డ మండలాల పాఠశాలల ప్రధానోపాధ్యాయులు, భవిత కేంద్రాల సిబ్బంది, విద్యాశాఖాధికారులు, పాఠశాల యాజమాన్య కమిటీలు ఈ క్రమాన్ని పాటించినప్పుడే చట్టం కల్పించిన హక్కు ప్రత్యేక అవసరాలు గల ప్రతి విద్యార్థికి తరగతి గదిలో అందుతుంది.